గేటు ముందు నేలలో ఏముంది? కొళాయి నీళ్లు, భూగర్భ లైన్ల గురించి ఇంటివాళ్లు చేసుకోవాల్సిన పనులు

మా ఇల్లు శ్రీకాకుళంలో గుజరాతీపేట వైపు. మావగారు ముప్పై అయిదేళ్ల కిందట కట్టించారు. ఒక వానాకాలంలో ఇంట్లో నలుగురికీ ఒకరి తరవాత ఒకరికి విరేచనాలు పట్టుకున్నాయి. బయటి తిండి వల్ల అనుకున్నాం. అప్పుడు మా చిన్నమ్మాయి ఒక మాట అంది: "అమ్మా, పొద్దున్న కొళాయి విప్పగానే మొదటి బిందె వాసనొస్తోంది. తరవాతవి బాగానే ఉంటున్నాయి."

ఆ మాట పట్టుకుని ప్లంబరును పిలిపించాను. అతను గేటు ముందు మురుగుకాలవ మీది పలక ఎత్తించి చూసి, "ఇదేటమ్మా, మీ గొట్టం కాలవలోంచే పోతోంది. ఇన్నేళ్లూ ఎవులూ చూడలేదేటి?" అన్నాడు. నిజమే, ఎవరూ చూడలేదు. మురుగులో మునిగిపోయిన పాత జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనప పైపు) తుప్పుపట్టి, జాయింటు దగ్గర పెన్ను మొన దూరేంత కన్నం పడి ఉంది.

మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు, ఏదో ఒక వేళకి వదులుతారు. వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి కన్నంలోంచి నీళ్లు బయటికి పోతాయి. సరఫరా ఆగగానే పైపులో నీళ్లు పల్లానికి జారిపోతాయి, లోపల ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు అదే కన్నం బయట ఉన్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. బయట మురుగు ఉంటే మురుగే. రాత్రంతా పైపులో నిలిచిన ఆ నీళ్లే పొద్దున్న మొదటి బిందెలోకి వస్తాయి. నాగావళి ఇసుకలోని ఊటబావుల నీళ్లను ఎంత శుభ్రంగా తోడి, ఎంత క్లోరిన్ కలిపి పంపినా, చివరి పది అడుగుల్లో పాడైతే తాగేది పాడైన నీళ్లే.

ఆ తరవాత ఇంటి చుట్టూ నేలలో ఏమేం పోతున్నాయో ఒక్కొక్కటిగా కనుక్కుని కాగితం మీద పెట్టాను. ఆ పని ఎలా చేయాలో, దానితోపాటు ఇంట్లో తరచుగా వచ్చే నీళ్ల సమస్యలకి ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

మొదట, మీ పైపు దారి కనుక్కోండి

ముందు మాటలు తెలిస్తే ప్లంబరుతో గానీ మున్సిపాలిటీ ఫిట్టరుతో గానీ మాట్లాడటం తేలిక. వీధిలో పోయే పెద్ద పైపు మెయిన్. దాని చుట్టూ బిగించే పట్టీ సాడిల్. సాడిల్‌కి కన్నం వేసి బిగించే చిన్న ఇత్తడి ముక్క ఫెర్రూల్. మన ఇంటికి ఎన్ని నీళ్లు రావాలో దాని సైజును బట్టే ఉంటుంది. ఫెర్రూల్ నుంచి మన ఇంటిదాకా వచ్చేది సర్వీసు పైపు. అది గేటు లోపలికి వచ్చాక ఉండాల్సింది ఒక వాల్వు. చాలా ఇళ్లలో ఈ వాల్వు ఉండదు, ఉన్నా ఫ్లోరింగు కింద కప్పబడిపోయి ఉంటుంది.

నీళ్లు వచ్చే వేళలో ఈ పని పెట్టుకోండి. ఇంట్లో నీళ్లు మొదట చేరే చోటు దగ్గర మొదలుపెట్టండి, అది సంపు కావచ్చు, వాకిట్లో కొళాయి కావచ్చు. అక్కడి నుంచి వెనక్కి వీధివైపు వెళ్లండి. పొడవాటి ఇనుప ఊచ ఒక చివర నేల మీద పైపు ఉండొచ్చనుకున్న చోట ఆనించి, రెండో చివరకి చెవి ఆనించండి. నీళ్లు పారుతుంటే సన్నటి బుస వినిపిస్తుంది. చుట్టుపక్కల చప్పుడు తగ్గాక, తెల్లవారుజామున అయితే ఇంకా బాగా తెలుస్తుంది. మా వీధిలో పాత ఫిట్టర్లు ఇలాగే లీకులు పట్టేవారు.

తరవాత మురుగుకాలవ పలకలు ఎత్తించి చూడండి. ఒక్క మీదే కాదు, రెండు పక్కల ఇళ్లవీ చూడండి. పైపు కాలవని దాటే చోటే అన్నిటికంటే ప్రమాదం. గోడలోంచి పైపు వచ్చి కాలవలో పడుతుందా, పైనుంచి దాటుతుందా, అడుగు నుంచి దాటుతుందా అన్నది మీ కళ్లతో చూడాలి. ఎవరో చెప్పింది నమ్మవద్దు. మా ఇంట్లో మావగారి కాలం నుంచీ "మన గొట్టం కాలవ కిందనుంచి పోతుంది" అనే చెప్పుకున్నాం.

పైపు కనబడిన ప్రతి చోటా రెండు కొలతలు తీసుకోండి. గేటు స్తంభం మూల నుంచి ఎంత, ఇంటి గోడ మూల నుంచి ఎంత అని. ఒక్క కొలతతో పైపు దొరకదు, రెండు కొలతలు కలిసే చోట దొరుకుతుంది. లోతు కూడా రాయండి. ఎప్పుడైనా గొయ్యి తీస్తే, పూడ్చేముందు టేపు పెట్టి ఫోటో తీయండి. పదేళ్ల తరవాత జేసీబీ వచ్చి నిలబడ్డ రోజున ఆ ఫోటో విలువ తెలుస్తుంది.

అదే కాగితం మీద మిగతావీ గీయండి: సెప్టిక్ ట్యాంకు, దాని పైపు, ఇంకుడు గుంత, బోరు, బోరు మోటారుకి వెళ్లే కరెంటు వైరు, వాననీటి పైపు, టెలిఫోను వైరు భూమిలోంచి వస్తుంటే అది. మన దగ్గర ఇంటర్నెట్ కేబుళ్లు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా వస్తాయి, కానీ కొత్త లేఅవుట్లలో నేలలోనూ వేస్తున్నారు. ఆ కాగితాన్ని కరెంటు బోర్డు తలుపు లోపలివైపు అంటించండి. అద్దెకిచ్చిన ఇల్లయితే ఇంకో ప్రతి అద్దెకున్నవాళ్లకి ఇవ్వండి.

ఎవరి పైపు ఎవరిది?

మెయిన్, ఫెర్రూల్ దగ్గర పని మున్సిపాలిటీది. ఫెర్రూల్ నుంచి ఇంటిదాకా సర్వీసు పైపు ఖర్చూ మరమ్మతూ సాధారణంగా ఇంటివాళ్లదే. అలాగని రోడ్డు మనం తవ్వకూడదు. రోడ్డు కోయాలంటే అనుమతి తీసుకోవాలి, రోడ్డు పూడ్చే చార్జీలు కట్టాలి. ఫెర్రూల్‌ని మీ ప్లంబరు చేత ముట్టించవద్దు. అక్కడ తప్పు జరిగితే వీధంతా నీళ్లు ఆగుతాయి.

పట్టణంలో అయితే వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ సెక్రటరీ, పల్లెలో అయితే గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఇందుకు సంబంధించినవాళ్లు. ఫిర్యాదు నోటిమాటగా చెప్పి వచ్చేయవద్దు. రాసి ఇచ్చి, నంబరు తీసుకోండి. వీధి పేరు, కరెంటు స్తంభం నంబరు, నీళ్లు కారుతున్న వేళ, ఒక వీడియో ఉంటే పని త్వరగా అవుతుంది. "నీళ్లు సరిగ్గా రావట్లేదు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఉదయం నీళ్లు వదిలిన అరగంటలో ఫలానా స్తంభం దగ్గర రోడ్డు తడుస్తోంది" అని రాయండి.

కొత్త కనెక్షనుకీ దారి అదే. ఇంటి పన్ను రసీదు, ఇంటి హక్కు కాగితం, ఆధార్ తీసుకెళ్లండి. కట్టిన ప్రతి డబ్బుకీ రసీదు అడగండి. పల్లెల్లో 2019 ఆగస్టు 15న మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు ఇంటి కొళాయికే రావాలి. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు, అంటే పెద్ద బిందెలు పదిహేను దాకా. మీకు వచ్చేవి ఎన్నో వారం రోజులు లెక్కపెట్టి చూసుకుంటే గట్టిగా అడగడానికి ఆధారం ఉంటుంది.

కాలవలోంచి పోయే పైపుని మార్చడం

ఈ మార్గదర్శిలో మీరు ఒక్క పనే చేయదలుచుకుంటే ఇదే చేయండి.

సర్వీసు పైపుగా చుట్టలుగా దొరికే నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు గానీ నీలం ఎండీపీఈ ప్లాస్టిక్ పైపు గానీ తీసుకోండి. ఫెర్రూల్ నుంచి గేటు లోపలిదాకా ఒకే ముక్క రావాలి. మధ్యలో జాయింటు లేకపోతే లీకయ్యే చోటే ఉండదు. జీఐ పైపు గట్టిదే, కానీ మురుగు తడిలో ముందు తుప్పు పట్టేది దాని మరలే.

కాలవని దాటించడానికి రెండు దారులు. మొదటిది, మురుగు ఎంత పొంగినా తగలనంత ఎత్తులో, పలకల కింద గోడలోంచి దాటించడం. రెండోది, కాలవ అడుగున ఉన్న సిమెంటుకి కింద, కనీసం ఒక అడుగు లోతున దాటించడం. వీలైతే మొదటిదే మంచిది. తాగునీటి పైపు ఎప్పుడూ మురుగుకి పైన ఉండాలన్నది ఈ రంగంలో పాత సూత్రం. మురుగుపైపునీ నీటి పైపునీ పక్కపక్కన వేయాల్సి వస్తే 3 మీటర్ల ఎడం, ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే నీటి పైపు కనీసం అర మీటరు పైన ఉండాలని కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ చెబుతుంది. మన ఇరుకు సందుల్లో 3 మీటర్లు ఎక్కడ దొరుకుతుంది? దొరకని చోట తొడుగు తప్పనిసరి. రెండు అంగుళాల పైపు తొడిగి, దానిలోంచి మన పైపుని లాగాలి. ఆ తొడుగు కాలవకి రెండు వైపులా ఇంకో మూరెడు దాకా రావాలి. కాలవ వెడల్పు లోపల ఎక్కడా జాయింటు ఉండకూడదు.

కొత్త పైపు వేశాక పాతదాన్ని అలాగే వదిలేస్తారు చాలామంది. ఇది పెద్ద పొరపాటు. పాత పైపు మెయిన్‌కి తగిలే ఉంటే, అది మురుగుని పీలుస్తూనే ఉంటుంది. ఈసారి మీ ఒక్క ఇంటికి కాదు, వీధికంతటికీ. మెయిన్ దగ్గరే దాన్ని మూయించాలి. మీరు ఎదురుగా నిలబడి చూడండి.

ఇంకొక సంగతి. పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగుని జీఐ నీటి పైపుకే కట్టేవారు. ఇనప పైపు తీసి ప్లాస్టిక్ పైపు వేస్తే ఆ ఎర్తింగు తెగిపోతుంది, ఎవరికీ తెలియదు కూడా. పైపు మార్చే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేరే ఎర్తు గొయ్యి ఉందో లేదో చూపించుకోండి. కొళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందంటే మోటారులో గానీ గీజరులో గానీ కరెంటు లీకవుతోందని. మెయిన్ స్విచ్ ఆపండి, బాగుచేసేదాకా ఆ కొళాయి ఎవరూ ముట్టకూడదు.

ప్లాస్టిక్ పైపుకి ఒక లోటు ఉంది. రేపు వెతికితే లోహం పసిగట్టే పరికరాలకి దొరకదు. పైపు వెంట రబ్బరు తొడుగున్న రాగి తీగ ఒకటి పరిచి, దాని కొస గేటు లోపల వాల్వు దగ్గర వదలండి. పైపుకి జానెడు పైన రంగు ప్లాస్టిక్ పట్టీ పరిస్తే గునపానికి ముందు అదే తగులుతుంది. ఖర్చు తక్కువ. తరవాత మట్టిని ఒకేసారి పోసేయకుండా, పైపు చుట్టూ ఇసుక వేసి, పొరలు పొరలుగా తడిపి కుదించాలి. రాళ్లు పైపుకి తగలకూడదు.

తవ్వేముందు

ప్రహరీ గోడ, గేటు స్తంభం, ఇంకుడు గుంత, కొత్త బోరు, చెట్టు నాటడం, ఇలా ఏది చేసినా గొయ్యి తీయక తప్పదు. ఇంటి హద్దు లోపల అయితే మీ కాగితం చూసుకుంటే చాలు. వీధిలో అయితే ఇతరుల లైన్లుంటాయి.

కేంద్ర టెలికాం శాఖ "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్‌ని 2023 మార్చి 22న తెచ్చింది. తవ్వేవాళ్లు ఎక్కడ, ఎప్పుడు తవ్వుతున్నారో అందులో పెడితే అక్కడ లైన్లున్న సంస్థలకి సమాచారం వెళుతుంది. ఎక్కువగా కాంట్రాక్టర్ల కోసం చేసిందే అయినా, మీ వీధిలో జేసీబీ దిగినప్పుడు "యాప్‌లో పెట్టారా, నంబరెంత?" అని మీరు అడగొచ్చు. అడగండి. మా వీధిలో ఒక కేబుల్ పనివాళ్లు తవ్వినప్పుడు వరసగా మూడు ఇళ్ల నీటి పైపులు తెగాయి. ఎవరమూ ఆ ప్రశ్న అడగలేదు. తరవాత పైపులు మేమే అతికించుకున్నాం, ఖర్చూ మేమే పెట్టుకున్నాం.

ఏ లైను ఎంత లోతున ఉండాలో తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. ఇళ్లకి వచ్చే మామూలు వోల్టేజి కరెంటు కేబులు 75 సెంటీమీటర్ల లోతున, 11 కేవీ కేబులు 90 సెంటీమీటర్ల లోతున వేయాలని భారతీయ ప్రమాణం. ఆప్టికల్ ఫైబర్ 1.65 మీటర్లు. వీధిలో నీటి మెయిన్ దాదాపు మీటరు లోతున ఉంటుంది. ఇవి వేసిన రోజు లెక్కలు. ఆ తరవాత రోడ్డు మీద రోడ్డు పోసి ఎత్తు పెరిగినా, పక్కన మట్టి కొట్టుకుపోయి తగ్గినా లోతు మారిపోతుంది. కాబట్టి లెక్కని నమ్మి గునపం బలంగా దింపవద్దు. అడుగున్నర దాటాక పారతో, మట్టిని పక్క నుంచి గీకుతూ తీయించండి. గుండ్రటి రాయిలా ఏదైనా తగిలితే ఆపి చేత్తో మట్టి తుడవండి. వరసగా ఇటుకలు, పలకలు గానీ, ఎరుపు, పసుపు ప్లాస్టిక్ పట్టీ గానీ కనబడితే దాని కింద ఏదో ఉన్నట్టే.

కరెంటు కేబులుకి దెబ్బ తగిలితే గొయ్యిలోకి ఎవరూ దిగకూడదు. పడిపోయిన మనిషిని చేత్తో పట్టుకోకూడదు, ముందు సరఫరా ఆగాలి. శ్రీకాకుళం, విజయనగరం రెండూ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, ఈపీడీసీఎల్, పరిధిలోనివి. 1912కి ఫోన్ చేయండి. గ్యాస్ వాసన వస్తే జేసీబీ ఇంజను ఆపించి, సెల్‌ఫోను, అగ్గిపుల్ల, స్విచ్ ఏదీ అక్కడ ముట్టకుండా దూరం వెళ్లాక ఫోన్ చేయాలి. ఫైబర్ తెగితే అతికించే ప్రయత్నం చేయవద్దు, దాని తెగిన చివరలోకి కంటితో చూడవద్దు. నీటి పైపు తెగితే ముందు గొయ్యిలోకి మురుగు రాకుండా చూసుకుని, ఫిట్టరుకి చెప్పండి. వీధిలో అందరికీ ఆ పూట మొదటి నీళ్లు పారబోయమని చెప్పడం మర్చిపోకండి.

ఎక్కడో కారుతోంది, ఎక్కడో తెలియదు

రాత్రి పడుకునేముందు కొళాయిలన్నీ కట్టి, మోటారు ఆపి, డాబా మీది ట్యాంకులో నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీయండి. పొద్దున్న ఎవరూ లేవకముందు చూడండి. వెయ్యి లీటర్ల ట్యాంకు అడ్డం సుమారు 110 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్క సెంటీమీటరు తగ్గితే తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్టు. రెండు సెంటీమీటర్లు తగ్గితే ఒక పెద్ద బిందెడు.

మొదట అనుమానించాల్సింది కమోడ్ ఫ్లష్ ట్యాంకుని. అందులో బట్టలకి వేసే నీలం నాలుగు చుక్కలు వేసి అరగంట ఫ్లష్ చేయకుండా ఉండండి. కమోడ్‌లోకి నీలం దిగితే లోపలి వాషరు పోయింది. వాషరు మార్చడం పది నిమిషాల పని. కొళాయి చుక్కలు కారుతుంటే దాని కింద గ్లాసు పెట్టి టైము చూడండి. పావు లీటరు గ్లాసు పావుగంటలో నిండితే రోజుకి 24 లీటర్లు. జల్ జీవన్ లెక్కలో అది ఒక మనిషికి రావాల్సిన నీళ్లలో దాదాపు సగం.

సంపు కూడా ఇలాగే గీత గీసి చూడాలి. సంపులో మట్టం తగ్గితే లీకు. పెరిగితే? చాలామంది సంతోషిస్తారు, కానీ భయపడాల్సింది అప్పుడే. పక్కనుంచి భూజలమో, సెప్టిక్ నీళ్లో లోపలికి ఊరుతున్నట్టు.

నీళ్లు సన్నగా వస్తున్నాయి

పక్కింటికి బాగా వచ్చి మీకు రాకపోతే లోపం మీ సర్వీసు పైపులోనే ఉంది: ఫెర్రూల్ కన్నంలో ఇసుక, పాత జీఐ లోపల పేరుకున్న తుప్పు, సగం మూసుకుపోయిన వాల్వు. వీధి మొత్తానికి తగ్గితే లోపం మెయిన్‌లో. డాబా ట్యాంకు నుంచి పైఅంతస్తు కొళాయికే తక్కువగా వస్తుంటే అది ఎత్తు సమస్య. నీటికి 10 మీటర్ల ఎత్తు ఉంటేనే ఒక కేజీ ఒత్తిడి వస్తుంది, ట్యాంకు అడుగు నుంచి షవరుకి మీటరున్నరే ఉంటే ఎంత ఖరీదైన షవరు పెట్టినా అంతే.

వీధి పైపుకి నేరుగా మోటారు బిగించడం ఈ సమస్యకి పరిష్కారం కాదు. అది నిబంధనలకి విరుద్ధం, పట్టుబడితే కనెక్షను పోతుంది. అంతకంటే ముఖ్యం, మోటారు మెయిన్‌లోని నీటిని పీలుస్తుంటే ఒత్తిడి పడిపోయి, వీధిలో ఎవరి పైపుకి కన్నం ఉంటే అక్కడి మురుగు లోపలికి వస్తుంది. మీ సంపు నిండుతుంది, దాంట్లో ఏం నిండిందో మీకు తెలియదు. కొళాయి నీళ్లు వాటంతట అవే పడేలా నేల మట్టానికి కిందుగా చిన్న సంపు కట్టి, అక్కడి నుంచి మోటారు పెట్టుకోండి.

నీళ్ల రంగూ వాసనా

పాలలా తెల్లగా వచ్చి, గ్లాసులో పెడితే అడుగు నుంచి తేరుకుంటే అది గాలి, భయం లేదు. ఎర్రగా ఉంటే ఇనుము, పాత జీఐ వల్లో బోరు వల్లో. పచ్చగా ఉంటే ట్యాంకులోకి ఎండ పడి నాచు పడుతోంది. నల్లటి పొడి రాలుతుంటే వాషర్లు అరిగిపోయాయి. నాగావళికో చంపావతికో వరద వచ్చిన రోజుల్లో బురదరంగు మామూలే. బిందెలో పటిక ముక్క తిప్పినా, మన పెద్దవాళ్లు చేసినట్టు ఇండుపగింజ అరగదీసి కలిపినా మట్టి అడుక్కి దిగుతుంది. కానీ క్రిములు చావవు, తేరిన నీటిని మరిగించి తీరాలి. బుడగలు పొర్లేలా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు.

మురుగు వాసన వస్తే మాత్రం ఆ నీళ్లు మరిగించి కూడా తాగవద్దు. వేరే నీళ్లు తెచ్చుకుని, పైపు వెతకండి, సచివాలయంలో చెప్పండి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ఎలా ఊరంతా పాకిందో మనం చూశాం. ఒక ఇంట్లో ఇద్దరికి ఒకేసారి విరేచనాలైతే పక్కింటివాళ్లని కూడా అడగండి. వాళ్లకీ ఉంటే ఆరోగ్య కేంద్రానికి చెప్పే బాధ్యత మీదే.

రంగూ వాసనా లేకపోతే మంచి నీళ్లేనా? కాదు. టీడీఎస్ మీటరు కూడా దానికి జవాబు చెప్పదు, అది కరిగిన లవణాలనే కొలుస్తుంది. ప్రమాణం ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్ 150 చూపించే నీళ్లలో కూడా కలరా క్రిమి ఉండొచ్చు. క్రిముల కోసం వేరే పరీక్ష ఉంది: చిన్న హెచ్‌టూఎస్ సీసాలో నీళ్లు పోసి వెచ్చటి చోట ఉంచితే, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే నీళ్లలో మలం కలిసినట్టు. పల్లెల్లో ఈ పరీక్షలు చేయడానికి జల్ జీవన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకి శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది, వాళ్లెవరో కనుక్కోండి. కొళాయి చివర నీటిలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. బ్లీచింగు వాసన లీలగా వస్తే చిరాకు పడవద్దు, అది రక్షణ.

ట్యాంకు, సంపు కడగడం

ఆరు నెలలకోసారి చేయండి. నీళ్లు తీసేసి, గోడలు బ్రష్షుతో రుద్ది, బురద ఎత్తేసి, మళ్లీ నింపండి. వెయ్యి లీటర్లకి 150 నుంచి 200 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు ఒక బకెట్లో కలిపి, తేరిన నీళ్లు మాత్రం ట్యాంకులో పోయండి. ఇంట్లో ప్రతి కొళాయీ వాసన వచ్చేదాకా విప్పి కట్టేయండి, పైపులు కూడా శుభ్రమవుతాయి. నాలుగు గంటలుంచి మొత్తం వదిలేసి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. ఆ నీళ్లు మొక్కలకి పోయవద్దు. బ్లీచింగులో యాసిడ్ గానీ, బాత్రూం కడిగే మందు గానీ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

మూతపెట్టి ఉన్న సంపులోకి మనిషిని ఒంటరిగా దించవద్దు. లోపల గాలి ఆడక ఒకరు పడిపోతే, తీయడానికి దిగిన రెండోవాళ్లూ పడిపోతారు. ముందు రోజే మూత తీసి పెట్టి, మోటారు మెయిన్ ఆపి, నడుముకి తాడు కట్టి, పైన ఇద్దరుండగా మాత్రమే దించండి. సెప్టిక్ ట్యాంకులోకైతే ఎవరినీ అసలు దించవద్దు. దాన్ని యంత్రంతోనే తీయించాలి, మనిషిని దించడం చట్టప్రకారం నేరం.

బోరు, నుయ్యి ఉన్నవాళ్లకి

సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకీ తాగే నీళ్ల నుయ్యికీ మధ్య 18 మీటర్లు, అంటే అరవై అడుగులు ఉండాలి. బోరు వేయించే ముందు మీ ఒక్క ఇల్లే కాదు, గోడ అవతలివాళ్ల సెప్టిక్ ఎక్కడుందో కూడా అడిగి కాగితం మీద పెట్టండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రజలు తాగే నీటి వనరుకి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు.

బోరు పైపునీ మున్సిపాలిటీ పైపునీ కలిపి ఒకే లైనుగా చేయవద్దు. మధ్యలో వాల్వు పెట్టామంటారు, వాల్వు ఒకరోజు లీకవుతుంది. రెండూ విడివిడిగా వచ్చి ట్యాంకులో పైనుంచి పడాలి.

తుపాను కబురు వచ్చినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటిన తిత్లీ, రెండుసార్లూ గాలి తగ్గినా కరెంటు రోజుల తరబడి రాలేదు. కరెంటు లేకపోతే పంపు లేదు, పంపు లేకపోతే కొళాయి లేదు. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ట్యాంకు, సంపు, బిందెలు అన్నీ నింపేయండి. ఖాళీ సింటెక్స్ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది, నిండుది కదలదు. తాగడానికి మనిషికి రోజుకి మూడు లీటర్ల చొప్పున వారానికి సరిపడా మూతలున్న పాత్రల్లో విడిగా ఉంచండి. క్లోరిన్ మాత్రలు ముందే తెచ్చిపెట్టుకుని, ప్యాకెట్టు మీద రాసిన కొలత ప్రకారం వేసి అరగంట తరవాత తాగండి. సంపు మూత చుట్టూ సిమెంటు గట్టు కనీసం జానెడు ఎత్తు లేకపోతే వరదనీరు అందులోకే వస్తుంది, వానలు మొదలవకముందే కట్టించండి.

నీళ్లు తగ్గాక నుయ్యి మునిగి ఉంటే ముందు తోడించి, ఊరాక బ్లీచింగు వేయాలి. మామూలు రోజుల్లో కొలత ఇలా: అడ్డం 2 మీటర్లు, నీళ్ల లోతు 3 మీటర్లు ఉన్న నూతిలో దాదాపు 9,400 లీటర్లుంటాయి. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల చొప్పున 24 గ్రాముల బ్లీచింగు కావాలి. బకెట్లో కలిపి తేర్చిన నీళ్లు నూతిలో వంచి, చేదతో పైకీ కిందకీ కదిపి, గంట ఆగండి. వరద మురుగు కలిసిన నుయ్యి అయితే ఇంత కొద్ది మోతాదు సరిపోదు, ఎంత వేయాలో ఆరోగ్య కార్యకర్తని అడిగి వేయండి. కొళాయి నీళ్లు మళ్లీ వచ్చిన మొదటి రోజు పది నిమిషాలు వదిలేసి, ఆ తరవాత రెండు మూడు రోజులు మరిగించే తాగండి. ఆ పది నిమిషాల నీళ్లు బకెట్లలో పట్టి వాకిలి కడగడానికి వాడుకోవచ్చు.